తాళపుచెవి ఎవరి చేతిలో నుండవలెను?

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున నాలుగు మాటలు చెప్పుమని నన్ను ఆహ్వానించినందులకు కార్యవర్గమువారికి నా కృతజ్ఞతలు. నేను పండితుడను గాను. కంప్యూటరు విద్య నభ్యసించినవాడను అంతకన్నను గాను. బడిలో పాఠములు చెప్పి విరమించి, సాయంకాలములందు ఈ గ్రంథాలయమున పుస్తకము లిచ్చి పుచ్చుకొనుచు కాలము గడుపుచున్నవాడను. ఇట్టివాడు సాఫ్టువేరును గూర్చి ప్రసంగింప బూనుట యేమని మీలో కొందరికి తోచవచ్చును. ఇంటి తలుపు చేసినవాడు వడ్రంగియే యైనను, దానికి తాళము వేయవలెనా వలదా, చెవి యెవరి కీయవలెనా యనునది నిర్ణయించుకొనవలసినవాడు గృహస్థుడే కదా. ఆ చనువుతోనే మాటలాడుచున్నాను.

కార్యవర్గము ముందు ఇప్పుడొక ప్రశ్న యున్నది. మన పుస్తకముల పట్టికను, చందాదారుల చిట్టాను, పాత సంచికలను కంప్యూటరున కెక్కింప దలచినాము. అందులకై ఒక కంపెనీ అమ్మజూపు సాఫ్టువేరును కొనవలెనా, లేక ఎవరైనను తెరచి చూచి, మార్చుకొని, పరులకు పంచుకొనదగిన ఓపెన్ సోర్సు సాఫ్టువేరును స్వీకరింపవలెనా? పైకి ఇది యంత్రముల ముచ్చటవలె కనబడును. కాని మనకు జరిగిన యొక అనుభవమును జ్ఞప్తికి దెచ్చుకొన్నచో ఇది మన ఊరి ముచ్చటయే యని తెలియును.

మన గ్రంథాలయము పదియేండ్లు నిండినపుడు ఒక చిన్న సంచికను వెలువరించిన సంగతి పెద్దలకు జ్ఞాపకముండును. అందులో కీర్తిశేషులైన మన వ్యవస్థాపకు లొకరు ఈ గ్రంథాలయము పుట్టిన తీరును వ్రాసిరి. వేపచెట్టు క్రింద ఒకరు వార్తాపత్రిక చదువుచుండగా పదిమంది వినుట, మొదటి బీరువా కొనుటకై ఇల్లిల్లు తిరిగి చందా వసూలు చేయుట, ఎవరెవరు ఎంతెంత ఇచ్చిరో ఆ జాబితా, అన్నియు అందు గలవు. ఈ రజతోత్సవ సంచికలో దానిని మరల ముద్రింపవలెనని తలచి వెదకగా, మన ప్రతులన్నియు చెదలు తినిపోయినవి. ఒక సభ్యుని యింట దొరికిన ప్రతిలో చివరి నాలుగు పుటలు లేవు. పోయినది చందాదారుల జాబితాయే!

అంతట ఆ సంచికను కూర్చిన డి.టి.పి. కేంద్రము వారిచ్చిన డిస్కు మన బీరువాలో నున్నదని స్ఫురించి సంతోషించితిమి. డిస్కు చెడలేదు, అందులో ఫైలును భద్రముగానే యున్నది. కాని తెరచి చూడగా తెలుగక్షర మొక్కటియు లేదు. ఇంగ్లీషు అక్షరములు, చుక్కలు, గీతలు కలగాపులగముగా కనబడినవి. ఆ కేంద్రము మూతబడి చాల యేండ్లైనది. ఆ ఫాంటును అమ్మిన కంపెనీ వారి నడుగగా, ఆ పాత రకము నిపుడు అమ్ముటలేదనిరి. క్రొత్త రకము కొన్నను పాత ఫైలు తెరచుకొనునని హామీ ఈయలేమనిరి. వారిని నేను నిందింపను. వారి సరకు వారిది. అమ్మకము మానుకొను హక్కును వారిదే. అయినను, మన పెద్దలు వ్రాసిన మాటలు, మన డబ్బుతో కూర్చిన పుటలు, మన బీరువాలో నుండియు మనకు దక్కకపోవుట ఎంతటి చోద్యము!

ఇది యెట్లు జరిగినదో సులభముగా చెప్పెదను. కంప్యూటరు అక్షరము నెరుగదు. సంఖ్య నొక్కదానినే యెరుగును. పూర్వపు ఫాంటులలో 256కు మించి గడులుండెడివి కావు. మన తెలుగులో గుణింతములు, ఒత్తులు కలిసి ఏర్పడు రూపములు వేలకొలది. అవి ఆ గడులలో పట్టవు. కనుక అక్షరమును తలకట్టనియు, ఒత్తనియు, కొమ్మనియు ముక్కలుగా కోసి, ఇంగ్లీషు అక్షరములకై యేర్పడిన గడులలో సర్దిరి. ఒక కంపెనీ తలకట్టు నుంచిన గడిలో మరియొక కంపెనీ ఒత్తు నుంచెను. ఏ గడిలో ఏ ముక్క యున్నదో ఆ కంపెనీ ఫాంటునకే తెలియును. ఫాంటు పోయినచో అర్థమును పోవును.

ఇచట ఆ కంపెనీలకు న్యాయము చేయుటయు మన ధర్మము. కంప్యూటరుపై తెలుగు కనబడుటయే గగనమైన రోజులలో, అట్టి ఉపాయములతోనే వారు మన పాఠ్యపుస్తకములు, పత్రికలు, పెండ్లి శుభలేఖలు అచ్చగుటకు దారి చూపిరి. ఆ మేలు మరువరాదు. అయితే దారి చూపినవాడే దారి కడ్డముగా తలుపు పెట్టి చెవి తనయొద్ద నుంచుకొన్నచో, కొంతకాలమునకైనను ఇంకొక దారి వెదకుకొనక తప్పదు.

ఆ క్రొత్త దారి యూనికోడు. ప్రపంచమునందలి లిపులలోని ప్రతి అక్షరమునకును ఒక్కొక్క సంఖ్య నిర్ణయించి, దానిని అందరి యెదుట ప్రకటించుటయే దీని పద్ధతి. 1991లో వెలువడిన మొదటి కూర్పునందే తెలుగునకు చోటు దొరకినది. దాని ప్రకారము 'అ' యనిన 3077, 'క' యనిన 3093. కరీంనగరులో వ్రాసినను, కాలిఫోర్నియాలో చదివినను ఈ సంఖ్య మారదు. ఫాంటు మారిన అక్షరపు సొగసు మారును గాని అక్షరము మారదు. తిరుమల కృష్ణదేశికాచార్యులవారు పోతన, వేమన ఫాంటులను రూపొందించి ఉచితముగా నిచ్చిరి. పిమ్మట సిలికానాంధ్ర కృషితో వెలువడిన యూనికోడు ఫాంటులు ఎవరైనను వాడుకొని పంచుకొనదగిన లైసెన్సుతో లభించుచున్నవి. వానిలో నొకదాని పేరు సురవరము. తెలంగాణమున కవులే లేరన్న మాటకు బదులుగా 1934లో 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను వెలువరించిన మహనీయుని పేరది. ఆ సంచిక కాగితముపై అచ్చగుటచే నేటికిని చదువగలుగుచున్నాము. అదియే మన డిస్కువంటి దానిలో చిక్కియున్నచో, ఆ 354 మంది ఉనికికి సాక్ష్య మెచట వెదకుదుము?

మన జాబితా యేమైనదని మీరు అడుగవచ్చును. మన ఊరి చేనేత కుటుంబమున పుట్టి హైదరాబాదులో చదువుచున్న యువకుడొకడు సెలవులకు వచ్చి ఈ సంగతి వినెను. అతడు డిస్కులోని గజిబిజి గుర్తులను బయటికి దీసి, చెదలకు చిక్కక మిగిలిన ప్రతిని ప్రక్కన బెట్టుకొని, ఈ గుర్తునకు ఈ తలకట్టు, ఈ గుర్తునకు ఈ ఒత్తు అని ఒక్కొక్కటిగా పోల్చి పట్టిక వ్రాసికొనెను. వెన్న నాగార్జున గారు పాత ఫాంటుల వ్రాతను యూనికోడునకు మార్చుటకై 'పద్మ' యను సాఫ్టువేరును చేసి, దాని మూలపాఠమును లోకమునకు తెరచి యుంచిరట. ఆ పద్ధతిని చదివి నేర్చుకొనియే తాను ఈ పని చేయగలిగితినని ఆ యువకుడు చెప్పెను. దసరా సెలవులు సంక్రాంతి వరకు సాగినవి. చివరకు ఆ నాలుగు పుటలును బయటపడినవి. అందు డెబ్బదిమూడు పేర్లు గలవు. బీడీలు చుట్టిన కూలిలో నుండి యాబది రూపాయలు ఇచ్చిన యొక తల్లి పేరు వానిలో నున్నది. ఆమె యిప్పుడు లేరు. ఆమె మనుమరాలు ఈ సభలోనే, నా కెదురుగా కూర్చున్నది. తన పేరు చెప్పవలదని ఆ యువకుడు కోరినాడు గనుక చెప్పను. మీ చప్పట్లు అతనికే చెందును.

ఇక అసలు విషయమునకు వచ్చెదను. సాఫ్టువేరు అనగా కంప్యూటరునకు మనము వ్రాసి యిచ్చెడి ఆజ్ఞల వరుస. దానికొక మూలపాఠ ముండును. కంపెనీ సాఫ్టువేరులో ఆ మూలపాఠమును దాచి, వాడుకొనుటకు మాత్రము అనుమతి నమ్ముదురు. ఓపెన్ సోర్సులో మూలపాఠము బహిరంగముగా నుండును. చదువవచ్చును, దిద్దవచ్చును, పదిమందికి పంచవచ్చును. అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ఈ స్వేచ్ఛకై ఉద్యమము ప్రారంభించిరి. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన లినక్సును నేడు లోకమందలి అసంఖ్యాక యంత్రములు వాడుచున్నవి. మీ జేబులలోని ఆండ్రాయిడు ఫోనులకును అదియే పునాది. 2003లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం గారు పూణేలో ప్రసంగించుచు, మనవంటి దేశమునకు ఓపెన్ సోర్సు అవసరమని నొక్కి చెప్పిరి.

ఒక భ్రమను తొలగింపవలెను. ఉచితము వేరు, స్వేచ్ఛ వేరు. వెల లేకుండ ఇచ్చు కంపెనీ సాఫ్టువేరులును గలవు. రేపు వెల పెట్టినచో మన మేమియు చేయలేము. ఓపెన్ సోర్సుకును ఖర్చు గలదు: నేర్చుకొను శ్రమ, నేర్పువాని బత్తెము, ఏటేట నకలు తీసి భద్రపరచు పని.

మన సిరిసిల్ల సాంచెలను తలచుకొనుడు. సాంచె నడుచుచు నడుచుచు ఆగినచో ఏమి చేయుదురు? ఊరిలోని మెకానికు వచ్చి విప్పి చూచి, అరిగిన ముక్క మార్చి, మరల నడిపించును. సాంచెను విప్పరాదు, విప్పిన నేరము, అమ్మిన కంపెనీ మనిషియే రావలెనను షరతుతో అమ్మినచో ఏ ఆసామి కొనును? బట్టనేయు సాంచె విషయమున ఒప్పుకొనని షరతును, అక్షరములు నేయు సాంచె విషయమున చదువకయే ఒప్పుకొని వ్రేలి మొనతో నొక్కుచున్నాము.

అయినను చాలమంది కంపెనీ సాఫ్టువేరునే యేల యెన్నుకొందురు? వారు తెలివిలేనివారు కారు. కారణములు గలవు. పట్టణములోని అచ్చుకూటపువారికి అలవాటైనది అదియే. వేరొక రూపమున ఇచ్చిన పని ఆలస్యమగునందురు. టైపు చేయువాని వ్రేళ్ళు ఒక్క కీబోర్డునకే అలవాటుపడినవి. మార్చుకొన్నచో నెలదినములు కూలి తగ్గును. చెడినపుడు ఫోను చేసిన పలుకు మనిషి కంపెనీకి ఉండును. కొన్ని పనులకు, ముఖ్యముగా పుటల కూర్పునకు, కంపెనీ సాఫ్టువేరు మిన్నగా నుండుటయు గలదు. ఇవి త్రోసివేయదగిన కారణములు కావు.

కాని మరియొక కారణము గలదు. దానిని చెప్పుటకు సంకోచమగుచున్నను పెద్దల సభలో దాచుట తగదు. మన చిన్న పట్టణములలో కంపెనీ సాఫ్టువేరును కొనువారు కొందరే. అనుమతి లేని నకలు తెచ్చి పెట్టుకొనువారే మెండు. 'అదియు ఉచితమే కదా' యని సమాధానపడుదురు. పుస్తకమును చెప్పకుండ ఎత్తుకొనిపోయిన పాఠకునికి జరిమానా వేయు గ్రంథాలయము, తాను దొంగ నకలుతో పట్టిక వ్రాయుట ఎట్లు పొసగును? కొన్నచో కొన్నట్లే వాడుకొందము. కొనలేనిచో సగౌరవముగా ఉచితమైనది వాడుకొందము. ఈ రెండింటికి నడుమ మూడవ దారి గ్రంథాలయమునకు లేదు.

గ్రంథాలయములకు చెందిన ఉదాహరణ మొకటి చెప్పెదను. న్యూజిలాండు దేశమున హోరోఫెనువా యను గ్రామీణ ప్రాంతము గలదు. అచటి గ్రంథాలయముల సాఫ్టువేరు 2000 సంవత్సరపు తేదీలకు పనికిరాదని 1999లో తేలినది. ఆ గ్రంథాలయ ట్రస్టువారు క్రొత్తది చేయించుకొని, 2000 జనవరిలో వాడుకలో పెట్టి, దాని మూలపాఠమును అందరికి నిచ్చివేసిరి. దాని పేరు కోహా. మావోరీ భాషలో ఆ మాటకు కానుక యని యర్థము. పల్లెటూరి గ్రంథాలయము లోకమున కిచ్చిన ఆ కానుకను నేడు అనేక దేశముల గ్రంథాలయములు వాడుచున్నవి. మన హైదరాబాదులోను ఇట్టి సంగతి జరిగినది. 2005లో అమ్మకపు సరకుగా వెలువడిన న్యూజెన్‌లిబ్ అను గ్రంథాలయ సాఫ్టువేరును, దానిని చేసినవారే 2008లో ఓపెన్ సోర్సుగా ప్రకటించిరి. తాళము వేసినవారే తాళము తీయుటయు గలదన్నమాట.

ఉత్తరమున మన ఆదిలాబాదు జిల్లాలో ఇంతకంటె గొప్ప సంగతి గలదు. నార్నూరు మండలములోని గుంజాల గ్రామమున గోండు పెద్దలు తరతరములుగా దాచుకొన్న వ్రాతప్రతులు గలవు. అవి గోండి భాషకు చెందిన ప్రత్యేక లిపిలో వ్రాయబడినవి. పండితులు ఆ ఊరి పెద్దలతో కలిసి చేసిన కృషి ఫలముగా, 2018లో గుంజాల గోండి లిపి యూనికోడున చోటు చేసికొన్నది. ఆ లిపి నెరిగినవారు కొద్దిమంది. అమ్మి లాభము గడింపవలెనను కంపెనీకి ఆ లిపిలో ఫాంటు చేయుట గిట్టునా? కాని నేడు ఆ లిపికి నోటో కుటుంబమునకు చెందిన ఓపెన్ సోర్సు ఫాంటు గలదు. గుంజాల బడిపిల్ల యెవరి అనుమతియు వేడక తన తాతల అక్షరమును తెరపై దిద్దుకొనవచ్చును. అంగడికి అక్కరలేని అక్షరమునకు గూడ దిక్కుండవలెనన్నచో, అది అందరి సొత్తుగా నుండుటయే దారి.

సోదరులారా! అనుమతి యను మాట మన ప్రాంతమునకు క్రొత్త కాదు. నిజాము పాలనలో గస్తీ నిషాన్ 53 అను ఉత్తర్వు వలన, సభ జరుపవలెనన్నను ముందుగా సర్కారు అనుమతి కావలసి యుండెను. ఆ రోజులలో గ్రంథాలయము నడుపుటయే సాహసము. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినవి. 1935లో మన సిరిసిల్లలోనే మాడపాటి హనుమంతరావు గారి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగినది. తెలుగు చదువుకొనుటకును, తెలుగున మాటలాడుటకును ఒకరి మోమువైపు చూడనక్కరలేని రోజు రావలెనని ఆ పెద్దలు శ్రమించిరి. నేటి కంపెనీని నాటి సర్కారుతో పోల్చుట నా యభిప్రాయము కాదు. కంపెనీ మనలను జైలులో పెట్టదు. కాని, మన వ్రాత మనము చదువుకొనుటకు ఒకరి అనుమతి కావలసిన స్థితిని, తెలిసి తెలిసి, డబ్బిచ్చి కొని తెచ్చుకొనుట ఆ పెద్దల వారసులకు తగునా యని మాత్రమే నా ప్రశ్న.

కనుక కార్యవర్గమువారికి నా మనవి యిది. కంపెనీ సాఫ్టువేరును ముట్టరాదని నేను చెప్పను. కొనుటకు ముందు మూడు ప్రశ్నలు అడుగుడు. మొదటిది: మన పట్టికను, మన వ్రాతను ఎప్పుడు కావలెనన్న నప్పుడు, ఇతర సాఫ్టువేరులును చదువగల రూపమున వెలికి దీసికొనగలమా? రెండవది: అమ్మినవారు అంగడి మూసినచో మరమ్మతు చేయగలవారు వేరొకరు గలరా? మూడవది: ఏటేట కట్టవలసిన రుసుము ఎంత, చందాలు తగ్గిన యేడును దానిని భరింపగలమా? ఈ మూటికిని తృప్తికరమైన సమాధానము వ్రాతమూలముగా వచ్చినచో నిస్సంకోచముగా కొనుడు. రానిచో ఎంత సొగసుగా నున్నను వలదనుడు.

మన పరిమాణమునకు కోహా సైతము పెద్దదే కావచ్చును. దానిని నిలిపి నడుపుటకు ఓపికగల మనిషి కావలెను. అట్టివారు దొరకువరకు లిబ్రెఆఫీసు వంటి ఓపెన్ సోర్సు సాఫ్టువేరులో, యూనికోడు తెలుగున, పుస్తకము పేరు, రచయిత, సంఖ్య, బీరువా అని గడులు గీసికొని పట్టిక వ్రాసిన చాలును. రేపు పెద్ద సాఫ్టువేరునకు మారినను ఆ పట్టిక వెంట వచ్చును. పుటల కూర్పునకు అచ్చుకూటమువారు తమకు నచ్చిన సాఫ్టువేరు వాడుకొందురు గాక. మూలప్రతి మాత్రము యూనికోడున మనయొద్ద నుండవలెను. చూపులేని పాఠకులకై ఎన్.వి.డి.ఎ. అను ఓపెన్ సోర్సు సాఫ్టువేరు గలదు. తెరపైనున్నది చదివి వినిపించును. దానిని ఒక అంధ యువకుడు 2006లో ఆస్ట్రేలియాలో ప్రారంభించెను. మన కంప్యూటరులో దానిని తప్పక పెట్టింపుడు.

గ్రంథాలయ శాస్త్ర పితామహుడు ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో అయిదు సూత్రములు చెప్పిరి. మొదటిది, పుస్తకములు ఉపయోగించుటకే యనునది. కడపటిది, గ్రంథాలయము పెరుగుచుండు జీవి యనునది. పెరుగు బిడ్డకు కుట్లు విప్పరాని అంగీ తొడుగుదుమా?

మరి యిరువదియైదేండ్లకు స్వర్ణోత్సవము వచ్చును. అప్పటికి నేనుండను. నా స్థానమున నిలుచువారు నేటి ఈ సంచికను తెరచినపుడు ఆ డెబ్బదిమూడు పేర్లును, ఆ బీడీల తల్లి పేరును తెలుగక్షరములలోనే వారికి కనబడవలెను. అందులకై ఎవరి తలుపును తట్టవలసిన పని వారికి లేకుండ చేయుట నేటి మన చేతిలో నున్నది. తాళపుచెవిని మన ఊరి చేతిలోనే యుంచుడని ప్రార్థించుచున్నాను.